పశువుల చీటీలో మనిషి పేరు

సభకు పెద్దగా కూర్చున్న గోవిందన్నగారికి, మగ్గాలు ఆపుకొని ఈ పూట నా కోసం వచ్చిన ఎమ్మిగనూరు నేతన్నలకు, ఆదోని నుంచి బస్సులో నిలబడి వచ్చిన పాత మిత్రులకు, మా ఆస్పత్రి సిబ్బందికి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే కొత్త డాక్టరుగారికి, ముందు వరసలో కుర్చీ వేసినా వద్దని కింద గోడకు ఆనుకొని కూర్చున్న లింగమ్మకు, అందరికంటే వెనక, గుమ్మం దగ్గర, ఎప్పుడు జారుకుందామా అన్నట్టు నిలబడ్డ మాబు సాబ్‌కు, ఈ సేతుమాధవరావు చేతులు జోడించి నమస్కరిస్తున్నాడు.

మాబు సాబ్, పోవద్దు. కృపానందం, ఆయనకు ఒక కుర్చీ వెయ్యి నాయనా. గుమ్మానికి అడ్డంగా వేసినా ఫరవాలేదు.

(నవ్వులు)

నవ్వండి. ఇంకాసేపట్లో నవ్వలేరేమో. నేను మూడు రోజులు కూర్చొని ఒక ప్రసంగం రాసుకున్నాను. పదకొండు పేజీలు. అందులో నాలుగు సంస్కృత శ్లోకాలున్నాయి, మా నాయన మంత్రాలయంలో పిల్లలకు చదువు చెప్పినవాడు కాబట్టి ఆ జబ్బు నాకు వంశపారంపర్యం. ఆ కాగితాలు ఇదిగో జేబులోనే ఉన్నాయి, కానీ చదవను. శ్లోకాల నుంచి మీరు బతికిపోయారు. ఈ మధ్యాహ్నం రెండున్నరకు ఒక సంగతి జరిగింది, అది చెప్పకుండా ఇంకేమీ చెప్పలేను.

గోవిందన్నగారు ఇప్పుడు నా గురించి ఎంతో ప్రేమగా మాట్లాడారు. మీరంతా కలిసి నాకొక సన్మానపత్రం ఇచ్చారు. అందులో మూడో వాక్యం ఇట్లా ఉంది: "ఎవరికీ అంతుచిక్కని గొర్రెల జ్వరాన్ని తన సూక్ష్మబుద్ధితో కనిపెట్టి లింగమ్మ అను నిరుపేద స్త్రీకి ప్రాణదానం చేసిన ధన్వంతరి." అచ్చువేయించింది ఎవరో గాని అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. ఉన్న దోషం వేరు. ఆ వాక్యం కొట్టేద్దామని కలం తీశాను, కానీ మీరు దానికి అద్దం బిగించి తెచ్చారు. అందుకని నోటితో కొట్టేస్తాను. వినండి.

ఆదోనిలో నేను పనిచేసిన రోజులు మీలో సగం మందికి తెలుసు. డెబ్బై నాలుగులో వచ్చాను, ఎనభైలో ఈ ఊరికి మారాను. వచ్చేటప్పుడు నా బల్ల కూడా బండి మీద వేసుకొని తెచ్చుకున్నాను, ఎందుకంటే అది సర్కారు బల్ల కాదు, ఆదోనిలో నేను సొంతంగా చేయించుకున్నది. ఆ బల్లకు ఒక డ్రాయరు. చేయించిన రెండు మూడేళ్లకే ఆ డ్రాయరు పూర్తిగా మూతపడటం మానేసింది, రెండు వేళ్లంత బయటే ఉండేది. పదకొండేళ్లుగా ఆ వడ్రంగిని తిట్టని రోజు లేదు. మా ఆస్పత్రి అటెండరు కృపానందం సాక్షి. పాపం ఆ వడ్రంగి ఏ లోకాన ఉన్నాడో, ముందుగా అతనికి క్షమాపణ.

లింగమ్మ హొళగుంద వైపు పల్లెలో గొర్రెలు కాచుకునే కురువల ఆడపడుచు. పెనిమిటి సుంకప్పది మూడు వందల గొర్రెల మంద. గొర్రె ఈనలేక కష్టపడుతుంటే చుట్టుపక్కల మందల వాళ్లంతా ఆమె కోసం మనిషిని పంపేవాళ్లు. చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి లాగేది. పుట్టిన పిల్ల ఊపిరి తీసుకోకపోతే దాని మూతి మీది మాయపొరను తన నోటితో లాగేసి, ముక్కులోకి ఊదేది. పిల్ల తుమ్మిందాకా ఊదేది. వాళ్లకు అది వింత కాదు, తల్లి దగ్గర కూతురు నేర్చుకునే పని. ఈ సంగతులన్నీ నాకు తరువాత తెలిశాయి. తరువాత ఎందుకు తెలిశాయో అదే చెప్పబోతున్నాను.

డెబ్బై ఆరు వానాకాలంలో ఆమె నా దగ్గరికి వచ్చింది. సాయంత్రం అయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి పక్క తడిసేంత చెమట, నడుము నొప్పి, మనిషి సన్నగా చీపురుపుల్లలా అయిపోయింది. ఆ రోజుల్లో ఇన్ని లక్షణాలు ఒకచోట కనబడితే మాకు ఒకే మాట నోటికొచ్చేది, క్షయ. చేసే పని ఏమిటని అడిగాను. "ఇంటి పనే సార్" అంది. కేసు కాగితంలో "ఇల్లాలు" అని రాశాను. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా అని అడిగాను, లేదంది. ఉండే ఉంటుంది, దాస్తున్నారు అనుకున్నాను. అప్పటి నా వయసుకు, నా చదువుకు రోగి మాట కంటే నా అనుమానం మీద నమ్మకం ఎక్కువ.

క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు. రోజుకొకటి, తొంభై సూదులు. జ్వరం తగ్గింది. తగ్గదా మరి? డాక్టర్లకు తెలుసు, మిగతా వాళ్లకు చెబుతాను: గొర్రెల నుంచి వచ్చే బ్రూసెల్లా జ్వరానికి కూడా ఆ సూదిమందు సగం పనిచేస్తుంది. సగమే. చెట్టు కొట్టేసినట్టు కనబడుతుంది, వేరు లోపల ఉంటుంది. నా మందుకు జ్వరం తగ్గింది కాబట్టి నా రోగనిర్ణయం సరైనదని నాకు నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాను. సంక్రాంతి దాటాక జ్వరం మళ్లీ వచ్చింది. మందు సరిగా వాడలేదని లింగమ్మను కేకలేశాను. ఆమె తల వంచుకొని, "వాడినా సార్, ఒక్కటీ మానలేదు" అంది. అబద్ధం అనుకున్నాను.

అదే సమయంలో సుంకప్ప మందలో గొర్రెలు ఈసుకపోసాగాయి, అంటే నెలలు నిండకముందే చచ్చిన పిల్లలను ఈనేయడం. ఒకటి కాదు, పదులు. పశువుల ఆస్పత్రి నుంచి కాంపౌండరు మాబు సాబ్ వెళ్లాడు. నలభై గొర్రెల రక్తం తీసి, సీసాలకు ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు వేశాడు. పని ముగించి చేతులు కడుక్కుంటుంటే లింగమ్మ నీళ్లు పోసింది. చెంబు పట్టుకోలేక ఆమె చెయ్యి వణకడం చూశాడు. ఏమ్మా అని అడిగాడు. జ్వరం అంది. ఎన్నాళ్ల నుంచి, ఎట్లా వస్తుంది, చెమట పడుతుందా, కీళ్లు లాగుతాయా, నేను అడగాల్సినవన్నీ ఆయన అడిగాడు. చివర్న నేను కలలో కూడా అడగని ప్రశ్న ఒకటి అడిగాడు: "ఈ గొర్లకు పురుడు పోసేదెవరమ్మా?"



నలభై ఒకటో సీసా లింగమ్మది.

మాబు సాబ్ ఆదోనికి వచ్చి నన్ను కలిశాడు. ఆ పూట నాకు బాగా గుర్తుంది, గుర్తు లేదని చెబితే మీరు నమ్ముతారు కూడా, కానీ గుర్తుంది. వరసలో రోగులతో పాటు నిలబడి, తన వంతు వచ్చాక, "సార్, లింగమ్మది క్షయ మాదిరి లేదు సార్. ఆ మంద గొర్లకుండే జ్వరమే ఆయమ్మకు వచ్చిందని నా అనుమానం. నేను గూడ ఒకసారి పడినా, నాకు తెలుసు సార్ ఆ నొప్పి" అన్నాడు. నేను స్టెతస్కోపు మెడలోంచి తియ్యకుండా, తల ఎత్తకుండా, "లింగమ్మ నా పేషెంటు. నీ పశువుల్ని నువ్వు చూసుకో" అన్నాను. గదిలో పదిమంది ఉన్నారు. ఆయన "మంచిది సార్" అని వెళ్లిపోయాడు. రెండు వారాలకు ఒక మనిషి వచ్చి మడత పెట్టిన కాగితం ఒకటి ఇచ్చిపోయాడు. పైన పశువైద్యశాల అని అచ్చు. ఎవరి ఎద్దు సంగతో నాకెందుకు పంపారనుకొని డ్రాయరులో పడేశాను. డ్రాయరు నిండుగా ఉంది. అది వెనక నుంచి జారింది.

ఆ కాగితాన్ని మళ్లీ ఈ రోజు మధ్యాహ్నం చూశాను.

బల్ల ఖాళీ చేస్తున్నాం. డ్రాయరు రావడం లేదు. మా కృపానందం కండలు తిరిగిన మనిషి, కాలు బల్లకు తన్నిపెట్టి లాగాడు, డ్రాయరుతో పాటు వెనక్కి పడ్డాడు. (నవ్వులు) దాని వెనక ఇరుక్కొని, నలిగి, చెదపురుగు ఒక మూల కొరికిన కాగితం. "సార్, ఇన్నాళ్లూ మూతపడకుండా చేసింది ఇదే సార్" అని నవ్వుతూ నా చేతికిచ్చాడు. విప్పాను. ఇప్పుడు చదువుతాను.

తేదీ, తొమ్మిది మార్చి, పంతొమ్మిది వందల డెబ్బై ఏడు. యజమాని పేరు అన్న చోట, సుంకప్ప. పశువు జాతి అని అచ్చు ఉంది, దాని ఎదురుగా "మనిషి" అని రాశాడు. ఆడా, మగా అన్న చోట, ఆడ. వయసు, ముప్పై. గుర్తులు అన్న చోట పశువులకైతే తెలుపు, నలుపు, కొమ్ము వంకర అని రాస్తారు కదా, అక్కడ "పేరు లింగమ్మ, సేతుమాధవరావు సార్ పేషెంటు" అని రాశాడు. ఫలితం: గొర్రెల గర్భాలు పోయే రోగానికి పరీక్ష, బలంగా పాజిటివ్. కింద చిన్న అక్షరాలతో, "సార్ దయచేసి మనుషుల లాబులో మళ్లీ చూడగలరు." అంతకింద చుక్కల గీత. దాని పక్కన అచ్చులో, "చీటీ అందినట్లు సంతకం." ఖాళీగా ఉంది.



వేరే ఫారం లేదు ఆయన దగ్గర. పశువుల ఫారంలో మనిషి పట్టడు. అయినా ఒక్క గడి వదలకుండా నింపాడు.

ఆ కాగితం పట్టుకొని కుర్చీలో కూర్చొని వేళ్లమీద లెక్క వేశాను. లింగమ్మ నడుముకు నేను పిండికట్టు వేసింది ఏప్రిల్ ఆఖరు. వెన్నెముక క్షయ అని రాసి మరీ వేశాను. కట్టు లోపల జ్వరం తన పని తను చేసుకుపోయింది. ఆమె నడుము ఇప్పుడు ఎట్లా ఉందో మీ కళ్లముందే ఉంది, కుర్చీలో ఎందుకు కూర్చోలేదో కూడా అర్థమై ఉంటుంది. చీటీ మార్చి తొమ్మిది. సుంకప్పను పిలిచి, అంటురోగం, ఆమెకు కంచం వేరు, చెంబు వేరు, పడక వేరు, పిల్లను దగ్గరికి రానివ్వొద్దు అని చెప్పింది మే నెల. చీటీ మార్చి తొమ్మిది. పిల్ల బీరమ్మకు అప్పుడు రెండేళ్లు, ఇంకా పాలు మానలేదు. హొళగుందలో ఉన్న పెద్దమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. లింగమ్మను చేను గట్టున కొట్టంలో ఉంచారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో మందు పూర్తయ్యేదాకా, మొత్తం పదకొండు నెలలు. ఏ తేదీ తీసుకున్నా చీటీ దానికి ముందే ఉంది. నేను మళ్లీ మళ్లీ లెక్క వేశాను, ఒక్కటైనా చీటీకి ముందు పడుతుందేమోనని. పడలేదు.

తరువాత కథ మీకు తెలుసు, ఎందుకంటే నేనే ఊరూరా చెప్పాను. డెబ్బై ఎనిమిది ఫిబ్రవరిలో పాత వైద్యపత్రిక ఒకటి తిరగేస్తుంటే గొర్రెల కాపరుల జ్వరం గురించి వ్యాసం కనబడింది, నాకు ఠక్కున తట్టింది, రక్తం పంపాను, ఆ జ్వరమేనని వచ్చింది. ఆరు వారాలు టెట్రాసైక్లిన్, దాంతో పాటు మొదటి మూడు వారాలు అదే పాత సూది. రెండు మందులు కలిస్తే గాని ఆ వేరు తెగదు. జ్వరం పోయింది, మళ్లీ రాలేదు. దాని మీద రెండు సభల్లో వ్యాసం చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. నాకు తట్టింది, నాకు తట్టింది అని పదేళ్లు చెప్పాను. తట్టింది మాబు సాబ్, నా తలుపు. నేను తీయడానికి పదకొండు నెలలు పట్టింది.

ఈ సాయంత్రం సభ మొదలుకాకముందు ఆయన్ను పక్కకు పిలిచి చీటీ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకొని చూసి, "ఇది పోలేదా సార్? పోయిందనుకున్యానే" అన్నాడు. పదేళ్లుగా అందరూ నన్ను మెచ్చుకుంటుంటే ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను. "ఆయమ్మ బాగయింది కదా సార్, ఇంగ సెప్పేదేముంది" అన్నాడు. నీకు కోపం రాలేదా అన్నాను. నేలకేసి చూస్తూ, "ఎందుకు రాదు సార్, వచ్చింది. రెండు నెల్లు మీ ఆస్పత్రి ముందర పోలేక మార్కెట్టు సందులో సుట్టూ తిరిగి పోతాంటి. మా నసీబ్‌బీ నగుతాండె, మొగుడు దొంగ మాదిరి సందుల్లో పోతాండాడని" అన్నాడు. మరి ఆ రక్తం ఫలితం లింగమ్మకైనా చెప్పకపోయావా అంటే, "మనిసికి మందు రాసే అధికారం నాకు యాడుంది సార్? సార్‌కు పంపినా, ఆయన సెప్తాడమ్మా అంటి" అన్నాడు.

మాబు సాబ్ నిరుడు రిటైరయ్యాడు. ఆయనకు సభ జరగలేదు. ఒక టీ, రెండు బిస్కెట్లు ఇచ్చారట. నాకేమో పూలదండ, శాలువా, అద్దం బిగించిన అబద్ధం.

గోవిందన్నగారూ, మీ ముఖం చూస్తే నొచ్చుకున్నట్టున్నారు. మీ తప్పేమీ లేదు, మీకు నేను చెప్పిందే మీరు అచ్చు వేయించారు. కొత్త డాక్టరుగారూ, మీకు నేను సలహాలు ఇచ్చే అర్హత ఈ మధ్యాహ్నంతో పోయింది, అయినా ఒక్క మాట. మన పడమటి పల్లెల్లో పని ఏమిటని ఆడమనిషిని అడిగితే ఇంటి పనే అంటుంది. దొడ్డీ, మందా, ఈతా, పాలూ, పేడా అన్నీ ఆమెకు ఇంటి పనే. అక్కడ ఆగకండి. పొద్దున లేచి చేతులతో ఏమేం చేస్తావు తల్లీ అని అడగండి. నేను ఆగిపోయాను.

లింగమ్మా, ఇప్పుడు నీకు చెప్పాలి. నువ్వు తెల్లవారుజామున బస్సెక్కి, నా కోసం కంబళి నేయించి తెచ్చావు. దాన్ని తీసుకున్న తరువాత నిజం దాచిపెట్టి ఇంటికి పోలేను. నీ రోగం ఏమిటో నాకు పదకొండు నెలల ముందే కాగితం వచ్చింది. నేను చదవలేదు. నీ నడుము వంగింది అందువల్ల. నీ బిడ్డ దూరమైంది అందువల్ల. ఇంత మంది ముందు చెబుతున్నాను, తప్పు నాది.

(లింగమ్మ కూర్చున్న చోటు నుంచే ఏదో అన్నది. వెనక వాళ్లు వినబడలేదని అడిగారు.)

ఆమె ఏమందో నేను చెబుతాను. ఆమె మాట ఆమె అన్నట్టే చెబుతాను, ఒక్క అక్షరం మార్చను. "మాబన్న రగతం తీసుకపోయినాడు, సార్‌కు పంపినా అన్యాడు. నువ్వేమీ అనకపోతివి. సూసే ఉంటావు, ఏమీ లేదులే అనుకుంటి సార్. సూసింటే నా బిడ్డను పంపకుంటి" అంటోంది.





బీరమ్మకు ఇప్పుడు పదమూడేళ్లు. ఇప్పటికీ హొళగుందలోనే ఉంది, పెద్దమ్మనే అమ్మా అంటుంది. పండక్కి ఈ తల్లి దగ్గరికి వస్తే గడప బయటే నిలబడి మాట్లాడుతుందట, లోపలికి రాదట, ఈమె చేతి నీళ్లు తాగదట. దగ్గరికి పోవద్దు, అంటుకుంటుంది అని రెండేళ్ల పిల్లకు చెప్పించింది నేను. రోగం పోయిందని తల్లికి చెప్పాను, తండ్రికి చెప్పాను, రెండు సభలకు చెప్పాను. ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. రేపటి నుంచి నాకు ఆస్పత్రి లేదు, తీరిక దండిగా ఉంది. పొద్దున్నే ఆదోని బస్సెక్కి, అక్కడ మారి హొళగుంద పోతాను. మీ అమ్మకు అంటురోగం ఏనాడూ లేదమ్మా, డాక్టరుకు కళ్లు లేవు, అంతే, అని నా నోటితో చెబుతాను. నమ్ముతుందో లేదో తెలియదు. నమ్మకపోతే మళ్లీ పోతాను. మాబు సాబ్, మీరు వస్తే ధైర్యంగా ఉంటుంది, ఒంటరిగా పోవడానికి భయంగా ఉంది నాకు.

(మాబు సాబ్ తల ఊపినాడు.)

ఇంత ప్రేమగా పిలిచి, కూర్చోబెట్టి, ఇంత కటువైన సంగతి ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సన్మానపత్రం ఇక్కడే బల్ల మీద పెట్టి పోతున్నాను. మూడో వాక్యాన్ని అసలు మనిషి పేరు మీదికి మార్చి ఇస్తే ఎవరికి చేరాలో వారికి చేరుస్తాను. కంబళి మాత్రం తీసుకుపోతాను, లింగమ్మ తిరిగి అడిగే వరకు.

ఇంకొక్క పని మిగిలింది. కృపానందం, కలం ఇయ్యి. చుక్కల గీత మీద రాస్తున్నాను, గట్టిగా చదువుతాను. "చీటీ అందినది. ముప్పై, ఏప్రిల్, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. సేతుమాధవరావు." మాబు సాబ్, ఇట్లా రండి. మీ చీటీ మీరు తీసుకోండి.

సెలవు.